లాకుల దగ్గర ఆగిన చప్పుడు

గత మాసం నా బల్ల సొరుగులు సర్దుతుండగా, పాత కలాల పెట్టె అడుగున ఒక చిన్న ఇత్తడి బోల్టు కనబడింది. తల చిటికెన వేలి గోరంత ఉంటుంది. కాడ పొడవు బియ్యపు గింజకు కొంచెం ఎక్కువ. కాడ చివర మసి పట్టి ఉంది. ఎంత తుడిచినా ఆ నలుపు పోదని నాకు తెలుసు. పూర్వం తుడిచి చూశాను. నా ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒక స్థానం ఉంటుంది. ఏ స్థానానికీ చెందని ఈ ఒక్క వస్తువును మాత్రం ఇన్నేళ్ళుగా నేను పారవేయనూ లేదు, ఎవరికీ చూపనూ లేదు. దానిని అరచేతిలో పెట్టుకుని వీధి అరుగు మీద నిలబడి ఉండగా, వెనుక నుండి ఎవరో "మాస్టారూ" అన్నారు. ఉలిక్కిపడ్డాను. ఎదురింటి వారి అబ్బాయి కొత్త బ్యాటరీ బండి మీద వచ్చి, నా వీపుకు మూరెడు దూరంలో ఆగి ఉన్నాడు. బండి వచ్చిన చప్పుడు లేదు. చప్పుడు లేకుండా ఇంటికి వచ్చిన బండిని చూస్తే నా ఒళ్ళు ఇప్పటికీ జలదరిస్తుంది. ఆ కారణం చెప్పడానికే ఈ నాలుగు పుటలు.

తెలుగు పండితుడిగా నాకు మొదటి ఉద్యోగం దివిసీమలో వచ్చింది. గుడివాడలో పుట్టి పెరిగిన నేను, బడికి మూడు మైళ్ళ దూరంలో ఉన్న మా పెద్దమ్మ ఇంట్లో ఉండి పనిచేయాలని పెద్దలు నిర్ణయించారు. అప్పటికి ఇంకా ఊళ్ళో వరి చేలే ఎక్కువ; రొయ్యల చెరువులు ఒకటొకటిగా తవ్వుతున్నారు. గాలి తూర్పుకు తిరిగితే ఎండుచేపల వాసన, పడమరకు తిరిగితే తడిసిన గడ్డి వాసన. పెదనాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. అక్కడి భాషలో కాంపౌండరు అంటే డాక్టరుకు పైవాడు. ఎందుకంటే డాక్టరు ఆసుపత్రిలో ఉంటాడు, కాంపౌండరు గేదె దగ్గరికి వస్తాడు. ఆయన చొక్కాకు డెట్టాలు, పేడ, బండి నూనె కలిసిన వాసన ఉండేది. నా పుస్తకాలన్నీ అంచులు కలిసేలా సర్ది ఉండటం చూసి ఆయన, "ఏమిరా పండితుడూ, వీటికి గాలి ఆడొద్దా?" అని వేళాకోళం చేసేవాడు.

ఆ ఇంటి గడియారం పెద్దమ్మ చెవులు. ఆమెకు చూపు క్రమంగా మందగించి, నేను వెళ్ళేనాటికి వెలుగూ నీడా తప్ప మరేమీ తెలిసేది కాదు. అయినా పొయ్యి మీద పాలు పొంగడం, గాబులో నీరు నిండటం, దూడ తాడు తెంచుకోవడం, అన్నీ వినికిడితోనే పట్టేది. సాయంత్రం దీపాల వేళకు ముందు ఆమె వంటింటి గడపలో కూర్చునేది. ఊరికి మైలు దూరంలో, కాలువ నీటిని అదుపు చేసే లాకులు ఉన్నాయి. రోడ్డు అక్కడ వంపు తిరిగి, తిన్నగా మా గేటు దాకా వస్తుంది. పెదనాన్న బండి లాకుల దగ్గర మలుపు తిరగగానే చప్పుడు వినిపించేది. అది రెండు స్ట్రోకుల పాత మోటారు సైకిలు. దాని చప్పుడు మిగతా బండ్ల వంటిది కాదు. ప్రతి దెబ్బకూ చివర ఒక సన్నని ఈల వంటి నిట్టూర్పు ఉండేది. అది విని పెద్దమ్మ లేచేది. కాగు మూత తీసి, చెంబుతో వేడినీళ్ళు ముంచి, చన్నీళ్ళు కలిపి, గోడ పట్టుకుని గేటు దగ్గరికి నడిచేది. బండి ఆగేసరికి చెంబు సిద్ధం. ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తే, ఆ ఇంటికి పొద్దు గుంకినట్టు. అంతకు ముందు ఎవ్వరికీ అన్నం లేదు, ఆమెకు సరే సరి.

ఆ కార్తీకంలో పెదనాన్న కన్నుమూశాడు. పక్క ఊళ్ళో ఒక రైతు పాకలో, ఈనలేక బాధపడుతున్న గేదె పక్కన కూర్చుని ఉండగానే గుండె ఆగింది. ఆయనను ట్రాక్టరు మీద తెచ్చారు. బండిని మాత్రం ఇద్దరు రైతులు చెరొక వైపు పట్టుకుని, నాలుగు మైళ్ళూ నడిపించుకుంటూ తెచ్చారు. పోయినవారి బండిని ఆ పూట స్టార్టు చేయకూడదని వారి పట్టింపు. పెద్దమ్మ చెంబుతో గేటు దగ్గర నిలబడే ఉంది. ట్రాక్టరు చప్పుడు విని పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. తాను వింటున్నది దాని కోసం కాదు గనుక.

దినకర్మలు ముగిశాక బండి నాకు వచ్చింది. నేను మొదటిసారి దానిపై బడి నుండి తిరిగి వచ్చిన సాయంత్రం, పెద్దమ్మ చెంబుతో గేటు దగ్గర ఉంది. నా అడుగుల చప్పుడు విన్నాక ఆమె ముఖంలో ఏదో ఆరిపోయింది. "నువ్వట్రా రామం," అని నీళ్ళు పోసింది. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. ప్రతి సాయంత్రం లాకుల నుండి గేటు దాకా ఒక మైలు పొడవున ఆయన బతికి ఉండి, నేను దిగగానే మళ్ళీ పోయేవాడు. ఇది ఆమెను రోజురోజుకూ దహించే భ్రమ అనీ, దానిని నేను తుంచివేయాలనీ నిశ్చయించుకున్నాను. మరొక కారణమూ ఉంది, దాచను. ఆ చప్పుడుకు బడిలో పిల్లలు నవ్వేవారు. ప్రధానోపాధ్యాయులు ఒకనాడు, "పండితుల వారు వస్తున్న సంగతి మాకు రెండు ఊళ్ళ ముందే తెలుస్తోంది," అన్నారు. క్రమం కోరే మనిషిని నేను. రంధ్రం ఉన్న చోట మూత ఉండాలనుకునేవాడిని.

ఒక శనివారం ఉదయం బండిని బందరు తీసుకుపోయాను. నాంచారయ్య అనే మెకానిక్కు సైలెన్సరు పనిలో చేయి తిరిగినవాడని చెప్పారు. కొట్టు చిన్నది, కానీ గోడకు పానాలు సైజుల వారీగా మేకులకు వేలాడుతున్నాయి. అది చూడగానే ఆ మనిషిపై నాకు గౌరవం కలిగింది. ఆయన బండిని స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"పొగ బయటికి పోయే దారి కాక వేరే దారి పట్టిందండీ," అన్నాడు. "విప్పి చూద్దాం."

ఇంజను నుండి వచ్చే వంపు గొట్టాన్నీ, వెనుకనున్న సైలెన్సరునూ విడదీశాడు. లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న మసిని కాల్చి, తట్టి రాల్చాడు. ఇంజను మూతి దగ్గర కూర్చునే రాగి వాషరును పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. అలా చేస్తే రాగి మెత్తబడి, సందు లేకుండా అతుక్కుంటుందట. గొట్టమూ సైలెన్సరూ కలిసే చోట వేడికి కాలని తాడు చుట్టి, దానిపై నల్లని సీలు ముద్ద మెత్తాడు. నట్లు బిగించే తీరు నన్ను ఆకట్టుకుంది. ఒకదానిని పూర్తిగా బిగించి రెండవ దానికి పోలేదు. ఇటు అర చుట్టు, అటు అర చుట్టు. "ఒక పక్కే బిగిస్తే రెండో పక్క నోరు తెరుస్తదండీ, మనుషుల్లాగే," అన్నాడు. ముద్ద ఆరేదాకా బండిని ముట్టనివ్వలేదు. తరువాత ఇంజను నడిపి, తడిగుడ్డను ఉండ చుట్టి, సైలెన్సరు వెనుక మూతికి గట్టిగా అదిమి పట్టాడు.

"ఇది ఊపిరి పరీక్షండీ. సీలు బాగుంటే బండికి గాలాడక చచ్చిపోవాలి. చస్తే పని అయినట్టు."

బండి చావలేదు. గొంతు తగ్గించి, నెమ్మదిగా, కొట్టుకుంటూనే ఉంది. నాంచారయ్య గుడ్డను ఇంకా అదిమాడు. చప్పుడు సన్నబడి, చివరికి ఆ ఈల ఒక్కటే మిగిలింది. మనిషి దుప్పటి కింద నుండి మాట్లాడుతున్నట్టుంది. ఆయన అతుకులన్నీ చేత్తో తడిమాడు. ఎక్కడా పొగ తగలలేదు.

"మాస్టారూ, ఈ బండి ఎవరిదండీ?"

"మా పెదనాన్న గారిది. పోయారు."

"ఆయన పోయారు, సరే. మరి ఇదెక్కడ్నించి ఊపిరి తీస్తందండీ?"

ఆయన గోడకున్న దేవుడి పటం ముందు వెలుగుతున్న అగరుబత్తి తీసుకుని, గొట్టం పొడవునా మెల్లగా జరిపాడు. పొగ నిటారుగా లేస్తూ వచ్చి, సైలెన్సరును చట్రానికి పట్టి ఉంచే పట్టీ దగ్గర హఠాత్తుగా పక్కకు ఒరిగింది. ఎవరో దాని మీద ఊదినట్టు. పట్టీ విప్పితే, దాని వెనుక, చక్రం వైపు, శనగ గింజంత గుండ్రని బెజ్జం కనబడింది. నాంచారయ్య వేలి కొనతో అంచు తడిమాడు.

"ఇది తుప్పు పట్టి పడిన బెజ్జం కాదండీ. డ్రిల్లు పెట్టి వేయించింది. అంచు కూడా ఆకురాయితో నున్నగా తీశారు. పట్టీకి కూడా పొగ పోను గాడి కోశారు, చూడండి. ఈలలాగా మోగటానికి కావాలనే పెట్టించుకున్నట్టున్నారు."

నాకు అర్థమైంది. ఎప్పుడు వేయించి ఉంటాడో కూడా అర్థమైంది: పెద్దమ్మకు చూపు తగ్గడం మొదలైన రోజుల్లో. ఊళ్ళోకి వచ్చే పది బండ్లలో తనది ఏదో ఆమెకు కనబడదు గనుక, వినబడేలా చేశాడు. ఆ సంగతి ఆయన ఎవ్వరికీ చెప్పలేదు. ఆమెకు కూడా చెప్పి ఉండడని నా నమ్మకం.

"మూసేయమంటారా?" అని అడిగాడు నాంచారయ్య. అడిగి, నా ముఖం వైపు చూస్తూ పని ఆపాడు. ఆలోచించుకోవడానికి నాకు చాలినంత వ్యవధి ఇచ్చాడు. మూయమన్నాను.

ఆయన బెజ్జానికి మెలికలు కోసి, ఇత్తడి బోల్టుకు సీలు ముద్ద పూసి బిగించాడు. మళ్ళీ వెనుక మూతికి తడిగుడ్డ అదిమాడు. బండి రెండు దెబ్బలు కొట్టుకుని, వణికి, ఆగిపోయింది. "శుభ్రంగా చచ్చింది," అన్నాడు. ఆ మాట ఆ వృత్తిలో మెచ్చుకోలు.

చల్లపల్లి దాటి దివిసీమలోకి దిగేసరికి పొద్దు వాలుతోంది. బండి ఎంత మెత్తగా నడుస్తోందంటే, టైరు కింద ఇసుక నలగడం వినబడుతోంది. అంతకు ముందు ఆ దారిన వెళ్తే పశువులు తలలు ఎత్తేవి, కాంపౌండరు గారి బండి అని మనుషులు చేతులు ఊపేవారు. ఆ సాయంత్రం ఎవరూ తల ఎత్తలేదు. గట్టు మీది కొంగలు కూడా నేను పక్కనుండి పోతుంటే కదలలేదు. నేను అక్కడ లేనట్టే ఉంది. లాకుల దగ్గర మలుపు తిరిగి గేటు దాకా వచ్చాను. పెద్దమ్మ చెంబుతో నిలబడి ఉంది. ఆమె ఎలా తెలుసుకుని లేచిందో అని ఆశ్చర్యపడుతూ, "పెద్దమ్మా, నేనే," అన్నాను.

ఆమె బెదిరి వెనక్కి అడుగు వేసింది. చెంబులో నీళ్ళు తొణికాయి.

"నువ్వెప్పుడొచ్చావురా? బండి ఇంకా లాకుల దగ్గరే ఉంది గదా."

నేను వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. బాగు చేయించానని, ఇక చప్పుడు రాదని వివరించాను. ఆమె వినలేదు, అంటే, నా మాట వినలేదు. చెవి లాకుల వైపే ఉంచింది. దీపాలు పెట్టాక కూడా ఆమె గేటు దగ్గరే ఉంది. నీళ్ళు చల్లారిపోయాయి. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

ఆ తరువాతి దినాలన్నీ అదే విధంగా గడిచాయి. నేను నిశ్శబ్దంగా వచ్చేవాడిని. ఆమె నన్ను దాటి విన్నట్టు నిలబడేది. ఉదయం మాత్రం రెండు ముద్దలు తినేది. పదిరోజుల్లో రవిక చేతులు వదులై వేలాడేంతగా చిక్కిపోయింది. పక్కింటి అనసూయమ్మ నా ఎదుటే, "పండితుడు బండిని బాగు చేయించి మనిషిని పాడు చేశాడు," అంది. నేను పెద్దమ్మను కూర్చోబెట్టి, విద్యార్థికి చెప్పినట్టు, కారణమూ కార్యమూ విడమరిచి చెప్పాను. చప్పుడుకు మూలం ఆ బెజ్జమనీ, అది మూతబడిందనీ, మూలం లేనిది ఫలం ఉండదనీ చెప్పాను.

ఆమె ఓపికగా విని, "ఆ రోజూ ఇంతేరా," అంది. "బండి వచ్చింది. చప్పుడు రాలేదు. నేను దానికి నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడది లాకుల దాకా వచ్చింది. అక్కడ్నించి రాలేకపోతోంది. నేను లోపలికి పోయి అన్నం తినమంటావా?"

నాకు కోపం వచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆమె మీద కాదు. నా వాదంలో లోపం ఎక్కడుందో తెలియక.

ఆదివారం నాడు బండిని బయటికి తీయలేదు. పొద్దున నుండి అది చూరు కింద నిలబడే ఉంది. సాయంత్రం, పక్షులు గూళ్ళకు చేరే వేళ, పెద్దమ్మ వంటింటి గడపలో నుండి లేచింది. కాగు మూత చప్పుడైంది. నేను చూరు కింద బండి పక్కన కూర్చుని వ్యాకరణ పాఠం రాసుకుంటున్నాను. అప్పుడు విన్నాను. లాకుల వైపు నుండి, దూరంగా, ప్రతి దెబ్బ చివరా సన్నని ఈలతో. మలుపు తిరిగే ముందు గేరు తగ్గించినప్పుడు పడే ఆ తడబాటు కూడా ఉంది. నేను చేయి చాచి సైలెన్సరును పట్టుకున్నాను. చల్లగా ఉంది. మంచు వేళ బావి గిలక పట్టుకున్నట్టుంది. చప్పుడు మలుపు దగ్గర నిలిచి, ముందుకు రాకుండా, కొట్టుకుంటూనే ఉంది. మూతికి గుడ్డ అదిమినప్పుడు బందరులో విన్నట్టే ఉంది. రొయ్యల చెరువు ఇంజనేమో అనుకుని సైకిలు మీద లాకుల దాకా వెళ్ళి చూశాను. అక్కడ ఇంజను లేదు, బండి లేదు, మనిషి లేడు. లాకుల తలుపుల కింద నుండి నీరు జారుతోంది. తిరిగి వచ్చేసరికి పెద్దమ్మ, "నువ్వెళ్ళగానే ఆగిందిరా," అంది.

మరునాడు బడికి సెలవు పెట్టి బందరు వెళ్ళాను. నాంచారయ్య బండిని విని, "ఏం, బాగానే ఉంది గదండీ," అన్నాడు.

"ఆ బోల్టు తీసేయండి."

"సీలు వెయ్యమని వచ్చేవాళ్ళని ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నానండీ. తియ్యమన్నది మీరొక్కరే." నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నాడు. పానా అందుకుంటూ, ఊరి విశేషం అడిగినట్టు, "ఇంట్లో ఎవరన్నా వింటున్నారాండీ?" అన్నాడు.

"ఇద్దరం," అన్నాను.

ఆయన బోల్టు తీసి, బెజ్జం అంచు గుడ్డతో తుడిచి, బండిని స్టార్టు చేసి, ఈల మోగేదాకా పట్టీని అటూ ఇటూ జరిపాడు. బోల్టును నా అరచేతిలో పెట్టాడు. అది ఇంకా వెచ్చగా ఉంది.

దారి పొడవునా పశువులు తలలు ఎత్తాయి. కొంగలు లేచాయి. లాకుల మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆపాలనిపించలేదు, అటూ ఇటూ చూడాలనిపించలేదు. గేరు తగ్గించి, మలుపు తిరిగి, తిన్నగా గేటు దాకా వచ్చి ఇంజను ఆపాను. పెద్దమ్మ నిలబడి ఉంది. ఆమె ముఖం ఆరిపోలేదు. ఆ ముఖం నా వైపు కాక, నా భుజానికి కొంచెం వెనుకగా తిరిగి ఉంది.

"ఇవాళ లాకుల దగ్గర అంతసేపు ఎందుకు ఆగారు?" అని అడిగింది.

చెంబులో సగం నీళ్ళు నా పాదాల మీద పోసింది. మిగిలిన సగంతో చెంబును గేటు పక్కన అరుగు మీద ఉంచింది. "రండి, అన్నం వడ్డిస్తాను," అని గోడ పట్టుకుని లోపలికి నడిచింది. ఆ పూట కడుపునిండా తిన్నది. ఆమె ఆ తరువాత ఆరేళ్ళు బతికింది. ఆరేళ్ళూ నేను ఆ బండినే నడిపాను. బడిలో పిల్లలు ఎంత నవ్వినా పట్టించుకోలేదు. లాకుల దగ్గర చప్పుడు మళ్ళీ విడిగా వినబడలేదు.

ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయిందని, చేల స్థానంలో అన్నీ చెరువులేనని విన్నాను. నేను ఉంటున్న గుడివాడ వీధిలో బండ్లు రావడమూ పోవడమూ తెలియదు. చప్పుడు లేకపోవడమే మేలు రకమని అంటారు; నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను. ఇంట్లోవారు ఫోను తెర చూసి, మనిషి ఎక్కడి దాకా వచ్చాడో తెలుసుకుంటారు. అది సరైన పద్ధతే కావచ్చు. కానీ వచ్చేవాడి కోసం కాగు మూత తీసిన చప్పుడు నేను విని చాలా ఏళ్ళయింది.

లాకుల దగ్గర నేను ఆగలేదు. ఈ సంగతి పెద్దమ్మకు చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుండి ఆమె నన్ను ఏకవచనంలో తప్ప పిలిచి ఎరుగదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలకు నేను చెప్పిన పాఠం ఇది: "ఆగారు" అనే క్రియ ఒక్కరిని గౌరవించి అన్నా అంతే ఉంటుంది, ఇద్దరిని కలిపి అన్నా అంతే ఉంటుంది, సందర్భాన్ని బట్టి గ్రహించాలి. ఆ సందర్భంలో నేను ఉన్నాను. ఆమె ఒక్కరిని అడిగిందో, ఇద్దరిని అడిగిందో నాకు తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే తెలిసేదేమో. నేను తల వంచుకుని, తడి పాదాలతో ఆమె వెనుకే లోపలికి వెళ్ళాను. గేటును మాత్రం మూయకుండా వదిలాను.